చేపల తొట్టికి తోడు

1984లో మా నాయనకు తిరుపతి బస్టాండు దగ్గర రంగుచేపల అంగడి ఉండేది. తొట్లు శుభ్రం చేయడం, మేత వేయడం నా పని. ఎవరైనా కొనడానికి వస్తే నేను తొట్ల వెనక్కి జరిగేదాన్ని. మాట్లాడడం నాయన వంతు. తీరిక దొరికితే చేపల పెంపకం మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేదాన్ని.

నాయన చేపల కోసం మద్రాసు వెళ్లిన రోజున చిత్తూరు నుంచి రాజేశ్వరమ్మ వచ్చింది. అంతకు ముందే మా దగ్గర గాజుతొట్టి, చేపలు కొన్న మనిషి. టిఫిన్ క్యారియర్ మూత తీసి నా ముందు పెట్టింది. అందులో చచ్చిపోయిన గోల్డ్‌ఫిష్‌లు రెండు.

"సూడు పాపా, మళ్లీ సచ్చినాయి. మీ నాయన యాడ?"

"ఊళ్లో లేడక్కా."

"అయితే నువ్వే చెప్పు. ఇంకొక్క చేప సచ్చిందంటే ఆ తొట్టిలో ఊరగాయ పెడతానంటాది మా అత్త. నాకేమో పొద్దున లేస్తానే ఆ చేపల్ని సూడకుంటే ఏమీ తోచదు."

నవ్వు వచ్చింది కానీ, ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆపుకున్నాను. తొట్టి ఎప్పుడు కడుగుతారని అడిగాను.

"శుక్రవారం శుక్రవారం, ఇల్లు కడిగేటప్పుడే. రాళ్లు, ఫిల్టరు అన్నీ చింతపండు పెట్టి తోముతా. మా ఇత్తడి బిందెల కన్నా మెరుస్తాది!"

సంగతి అర్థమైంది. చేపల మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఆ విషాన్ని విరిచే మంచి బాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టరులో పెరుగుతుంది. చేపలు వేయకముందే కొత్త తొట్టిలో దాన్ని పెంచుకోవడాన్ని సైక్లింగ్ అంటారు. దానికి వారాలు పడుతుంది. ఈమె ప్రతి శుక్రవారం దాన్ని తోమి పారబోస్తోంది.

"అమ్మోనియా అని ఒకటి..." అని మొదలుపెట్టాను.

"అదేం మందు పాపా?"

పుస్తకంలో మాటలు ఇక్కడ పనికిరావనిపించింది. ఇంకో దారి తోచింది.

"అక్కా, పాలు ఎట్ల తోడేస్తారు?"

"నిన్నటి పెరుగు రవ్వంత ఏస్తాం."

"రవ్వంత కూడా మిగల్చకుండా గిన్నె తోమేస్తే?"

"పక్కింటికి పోయి అడుక్కోవాల్సిందే..." అంటూ ఆగిపోయింది. "అంటే నేను తోడు కడిగేస్తా ఉండానా?"

క్యారియర్ కడిగి, మా పాత తొట్టిలోని రాళ్లు గుప్పెడు, ఆ తొట్టి నీళ్లతోనే అందులో పోసిచ్చాను. వాటిని తన తొట్టిలో వేసి, చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేయమన్నాను. అది కుళ్లితేనే బాక్టీరియాకు తిండి. నెల దాకా ఏదీ కడగొద్దన్నాను.

"చేపల్లేని తొట్టికి మేతేస్తే నాకు పిచ్చి పట్టిందంటాది మా అత్త!" అని నవ్వుకుంటూ బస్సెక్కింది.

నాయన తిరిగొచ్చి అంతా విన్నాడు. "చేపలకొచ్చినామెకు రాళ్లిచ్చి పంపినావా? బాగుండాది బేరం!"

నెల దాటాక ఆమె వచ్చి రెండు చేపలు తీసుకుపోయింది. బతుకుతాయో లేదోనని నాకు అన్నం సహించలేదు. కొన్నాళ్లకు ఒక ముసలామెను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. చేతిలో క్యారియర్. మళ్లీ చచ్చిన చేపలే అనుకున్నాను.

"తోడిచ్చిన పిల్ల యాడ?" అంది ముసలామె.

తొట్ల వెనక నుంచి నేనే ముందుకొచ్చాను.

"మా అత్త" అంది రాజేశ్వరమ్మ. "శుక్రవారమైతే తొట్టి కాడ కాపలా కూర్చుంటాది. తోడేసింది కదపొద్దే అని నన్ను దగ్గరికే రానీదు."

"రెండూ బలే తిరగతా ఉండాయి. ఇంకో రెండియ్యి, నేనే ఏరుకుంటా" అని అత్త తొట్ల వైపు నడిచింది.

ఎదుటి మనిషికి ముందే తెలిసినదాని పక్కన పెడితే కొత్త సంగతి కూడా తోడుకుంటుందని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి అంగట్లో నాయన ఉన్నా సైక్లింగ్ గురించి చెప్పేది నేనే.

ఆ రోజు వెళ్లబోతూ రాజేశ్వరమ్మ క్యారియర్ నా చేతికిచ్చింది. గడ్డపెరుగు.

"మా అత్త తోడేసింది. తిను పాపా, భయపడొద్దు" అంది. "ఇది వేరే క్యారియరు!"