దొడ్డమ్మగారి టేపురికార్డరు

దొడ్డమ్మగారు పోయారన్న కబురు నాకు మస్కట్ నుంచి వచ్చింది. ఆవిడ ఇల్లు మా గోడకి అవతలే. ఆ పొద్దున్న చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్లో మా ఆయనతో మాట్లాడుతున్నాను.

"అదేంటే, దొడ్డమ్మగారు పోయేరంట కదా? ఇక్కడ మనవాళ్లందరూ నెట్లో ఆవిడ పేజీలో రాస్తున్నారు," అన్నారాయన.

పరిగెత్తాను. వీధి చివర ఉండే ఆవిడ మేనల్లుడి భార్య పాలు తెచ్చి, చూసిందట. గోడ మీంచి నన్ను రెండుసార్లు పిలిచిందట. నేను పలక్కపోతే మస్కట్‌లో ఉన్న భర్తకి ఫోన్ చేసింది. అతను ఆ పేజీలో రాశాడు. అలా సముద్రం దాటి వెళ్లి, తిరిగి నా దగ్గరికొచ్చింది ఆ కబురు.

తొంభైల్లో నేను ముక్తేశ్వరం కాపురానికొచ్చిన రెండు నెలలకే మా ఆయన మస్కట్ వెళ్లిపోయారు. మా వీధిలో ఎవరు గల్ఫ్ బయల్దేరినా పచ్చడి సీసాలతో పాటు క్యాసెట్లు కూడా పట్టుకెళ్లేవారు. అవన్నీ దొడ్డమ్మగారింట్లో మాట్లాడినవే. ఆవిడ ఫ్యాను ఆపేసి, టేపురికార్డరు మన ముందు పెట్టి, "ముందు భోంచేసేరా అని అడగవే, తరవాత నీ గోల చెప్పుకో," అనేవారు. తను పెరట్లోకెళ్లి, మనం పిలిచేదాకా కొబ్బరాకుల ఈనెలు తీసుకుంటూ కూర్చునేవారు.

నా మొదటి క్యాసెట్ ఒక వైపంతా ఏడుపే. సిగ్గేసి చెరిపేయమన్నాను.

"ఉంచెయ్యవే. బాగున్నాం, బాగున్నాం అని అందరూ చెప్తారు. నువ్వు ఏడ్చేవని కూడా తెలియాలి కదా వాడికి."

ప్రతి క్యాసెట్ చివరా ఓ అయిదు నిమిషాలు మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు. టేపురికార్డరు కిటికీలో పెట్టేవారు. కోళ్లు, కొబ్బరికాయలు ఒలిచే చప్పుడు, పాలవాడి సైకిలు బెల్లు. "మాటలు మర్చిపోతారే. ఈ చప్పుళ్లు మర్చిపోరు," అనేవారు. మస్కట్‌లో తన గదిలో ఉండేవాళ్లంతా ఆ ముక్కే మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేవారని మా ఆయన చెప్పినప్పుడు, నా మాటల కన్నా కోళ్లే ఎక్కువయ్యాయా అని అలిగాను కూడా.

తరవాత సెల్‌ఫోన్లొచ్చాయి. మా ఇంట్లోకి కంప్యూటరొచ్చింది. దాన్ని తిట్టుకోలేను, అందులో మా ఆయన మొహం కదలడం చూసిన రోజు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. క్యాసెట్లు మాత్రం ఆగిపోయాయి. దొడ్డమ్మగారింటికి వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఆవిడకి తోచదని, స్నేహితుల్ని కలిపే సైట్లో నేనే ఓ పేజీ తెరిచి, మందారచెట్టు పక్కన నిలబెట్టి తీసిన ఫొటో పెట్టాను. వారం తిరిగేసరికి గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్లంతా చేరిపోయారు.

"ఇంతమందే! వీళ్లందరికీ కాఫీలెవరు పెడతారే!" అని నవ్వేరావిడ.

మొదట్లో రోజూ సాయంత్రం వాళ్లు రాసినవి కాగితం మీద ఎక్కించుకుని, వెళ్లి చదివి వినిపించేదాన్ని. తరవాత గోడ మీంచి చెప్పడం మొదలెట్టాను. ఆ తరవాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, పేజీ తెరవకుండానే చెప్పేదాన్ని.

"ఎవరైనా రాసేరా అమ్మా?"

"ఆయ్, అందరూ మిమ్మల్ని అడిగేరండి."

ఓసారి ఆవిడ వెంటనే లోపలికి వెళ్లలేదు. "వాళ్లడిగేరు, సంతోషం. నువ్వొచ్చి కాసేపు కూర్చోవే."

"వస్తానండి," అన్నాను. లోపల కంప్యూటరు ఆన్‌లోనే వదిలేసి వచ్చాను మరి. వెళ్లలేదు. ఆ తరవాతైనా వెళ్లి ఉండాల్సింది.

పదకొండో రోజు అయ్యాక, మేనల్లుడి భార్య ఆ టేపురికార్డరు తెచ్చి నా చేతికిచ్చింది. కిటికీలోనే ఉందట, లోపల క్యాసెట్ కూడా ఉంది. తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేకపోయినా ఆవిడ అలవాటు మానలేదన్నమాట. వెనక్కి తిప్పి పెట్టాను. కోళ్లు, కొబ్బరికాయలు, సైకిలు బెల్లు. అంతలో గోడ ఇవతల నుంచి గట్టిగా నా గొంతు, కంప్యూటర్లోకి.

"ఏమండీ, వినపడుతోందా? వినపడుతోందా?"

టేపుకి బాగా దగ్గరగా, నెమ్మదిగా దొడ్డమ్మగారు.

"ఆఁ, వినపడుతుందమ్మా. చెప్పు."