చేతకాని పనుల చిట్టా

మా వీధి తాళాలాయన తుమ్మితే చుట్టుపక్కల బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయన్న మాట నేనే పుట్టించాను. ఆయనా కాదనలేదు, వ్యాపారానికి మంచిదే కదా! యాభై ఏళ్ల కిందట ఒకరింట్లో బిగుసుకుపోయిన బీరువా తీయడానికి వెళ్లి, ఆ ఇంటి అమ్మాయినే పెళ్లాడి వచ్చాడు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు. ఆ రోజు ఆ అమ్మాయి లోపలికి చూసి, "అమ్మా, తాళాలబ్బాయి వచ్చాడు" అని కేకేసిందట. పెళ్లయ్యాక మళ్లీ ఎన్నడూ ఆయన్ని అలా పిలవలేదు.

ఇప్పుడు ఆవిడ తలలో గడ్డ. ఆపరేషన్ కుదరదు, ఇంట్లోనే చూసుకోమని పంపేశారు. ఒకరోజు పొద్దున్నే ఆవిణ్ణి మంచం మీంచి లేపబోయి, ఈయనకు నడుం పట్టేసి, ఇద్దరూ కలిసి కిందపడ్డారు. పాలవాడు వచ్చి తలుపు బద్దలుకొట్టించేదాకా నేల మీదే ఉన్నారు. అందరి తలుపులూ తీసేవాడికి తన తలుపు దాకా పాకడం చేతకాలేదు.

ఇక నర్సు ఉండి తీరాలి. నర్సుకయ్యే డబ్బు బీమా కంపెనీ ఇస్తుంది. కాకపోతే నెలనెలా వాళ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి, రోగికి చేతకాని పనులెన్నో చూస్తాడు. మూడుంటే పగలు నర్సు, నాలుగుంటే రాత్రికి కూడా. ఆవిడకు నడక పోయింది, స్నానం పోయింది. మూడోది లేదు.

"బొత్తాలు పెట్టుకోలేనని చెప్పు," అన్నాడు ఈయన.

"ఈ వయసులో నాచేత నాటకాలా?"

"పెళ్లిలో సిగ్గుపడ్డావుగా. దానికన్నా తేలికే."

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. సంచీలోంచి బొత్తాలు కుట్టిన గుడ్డముక్క తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ తడబడింది, నిట్టూర్చింది. ఆయన కాగితం మీద టిక్కు పెట్టాడు. స్కూటరు సందు మలుపు తిరిగిందో లేదో, ఆవిడ బొత్తాలన్నీ టకటకా పెట్టేసి నాలుక బయటపెట్టింది. తోడుకు వెళ్లిన నాతో కలిపి ముగ్గురం పడీపడీ నవ్వాం.

మరుసటి నెల అదే గుడ్డముక్క, అదే తడబాటు. స్కూటరు వెళ్లిపోయాక ఈయన మెచ్చుకున్నాడు. "భలే చేశావే!"

"చేయలేదండీ," అంది ఆవిడ, వేళ్ల వంక చూసుకుంటూ. "నిజంగానే రాలేదు."

చిన్నప్పుడు కాన్వెంటులో కుంటివాడిలా నడిచి అందర్నీ నవ్విస్తుంటే, మా సిస్టర్ నా చెవి మెలిపెట్టి, "ఆడగా ఆడగా అలాగే అయిపోతావు" అనేది. అరవై ఏళ్ల తర్వాత ఆ చెవి మళ్లీ మండింది.

తర్వాత రాత్రుళ్లు ఫిట్స్ మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టర్ కాగితంలో మిగిలింది ఒక్కటే: దగ్గరివాళ్లను గుర్తుపట్టడం.

"ఈసారి మిమ్మల్ని ఎరగనంటాను," అంది ఆవిడే.

"ఆ ఒక్కటీ వద్దు."

"మీరొక్కరే నన్ను పట్టుకోలేకపోతున్నారు. మళ్లీ పడిపోతేనో?"

"పడితే పడదాం."

"ఒక్కోరోజు పాలవాడు రాడండీ."



ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "అమ్మగారూ, ఈయనెవరు?"

ఆవిడ చూసింది. నాటకానికి కావలసినదానికన్నా చాలా ఎక్కువసేపు చూసింది.

"ఎవరో మరి. మంచివాడిలాగే ఉన్నాడు."

టిక్కు పడింది. రేపట్నుంచి రాత్రికీ మనిషి వస్తుందని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. స్కూటరు మలుపు తిరిగింది. నాలుక కోసం ఎదురుచూశాం. ఆవిడ కిటికీ వైపే చూస్తోంది. ఈయన అడగలేదు. నేనూ అడగలేదు.

ఈయన వసారాలోకి వచ్చి, బల్ల ముందు కూర్చుని, ఒక తాళంచెవిని ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాడు. చూసుకునేసరికి దానికి ఒక్క పన్నూ మిగల్లేదు.

పగటి నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. "తాతగారూ, అమ్మగారు పిలుస్తున్నారు."

"ఏమని పిలిచింది?"

నర్సమ్మ కాస్త తటపటాయించింది. "తాళాలబ్బాయి వచ్చాడా అని అడుగుతున్నారు."

ఆటపట్టిస్తోందో, యాభై ఏళ్లు వెనక్కి జారిపోయిందో! ఆయన నా వైపు చూశాడు. ఇన్ని కట్టుకథలు చెప్పినవాణ్ణి, నాకు ఒక్క ముక్క దొరకలేదు.

ఆయన లేచి పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. చెప్పులు బయటే విడిచి, తన ఇంటి గది తలుపు తానే తట్టాడు.

"బీరువా ఎక్కడుందండీ?"