ప్రేమానందం అన్నయ్య, పోరంబోకు జింక

మా ప్రేమానందం అన్నయ్య ఎవరినో ఒకరిని సలహా అడగకుండా చెప్పుల్లో కాలు పెట్టడు. పోనీ, అడిగాక ఆ సలహా పాటిస్తాడా అంటే అదీ లేదు. అడగడం వరకే ఆయన పని. చెప్పడం మన పని. ఆ తర్వాత ఆయన చేసేది చూసి నోరు వెళ్ళబెట్టడం కూడా మన పనే.

అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు. వయోమింగ్ రాష్ట్రంలో క్యాస్పర్ అనే ఊళ్ళో నేను ఆస్పత్రి నర్సుగా చేరేనాటికి అక్కడున్న తెలుగు కుటుంబం ఆయనదొక్కటే. సొంతూరు బాపట్ల. చమురు కంపెనీలో జియాలజిస్టు. రాయిని చూసి దాని వయసు చెప్పేవాడు గానీ, హోటల్లో కాఫీయా టీయా అని అడిగితే పక్క టేబులు వాళ్ళ వంక చూసేవాడు. మేము ఆ ఊరు వచ్చిన మొదటి వారమే మా తలుపు తట్టాడు.

"నువ్వేనామ్మా విమలకుమారివి? ఒక సలహా కావాలి చెల్లెమ్మా. మా హాల్లో కర్టెన్లు నీలం వెయ్యమంటావా, ఆకుపచ్చ వెయ్యమంటావా?"

అప్పటికి నేనింకా పెట్టెలు విప్పలేదు. వాళ్ళ హాలు ఎటుందో కూడా తెలియదు. అయినా గుమ్మంలో నిలబడి గంటసేపు చెప్పాను. ఆయన శ్రద్ధగా తల ఊపుతూ విని, వెళ్ళి గోధుమరంగువి వేశాడు.

ఆయన పెళ్ళి సంగతి వసంత వదిన చెప్తే విని నవ్వలేక చచ్చాను. చర్చిలో పాస్టరుగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని అడిగారట. ఈయన గబుక్కున ముందు వరస వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడట. చర్చి అంతా ఘొల్లుమంది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ప్రశ్న మళ్ళీ మొదట్నుంచి అడగాల్సి వచ్చింది.

ఇక్కడ హైవే మీద స్పీడుగా వెళ్తున్నాడని ఒకసారి పోలీసు ఆపితే, లైసెన్సు చేతికిస్తూనే "ఆఫీసర్, ఈ కారు అమ్మెయ్యమంటారా, ఇంకో ఏడాది నడపమంటారా?" అని అడిగాడు. ఆ కుర్రాడు బానెట్ ఎత్తి చూసి, టైర్లు తన్ని చూసి, కిటికీకి ఆనుకుని పికప్ ట్రక్కుల మీద ఉపన్యాసం ఇచ్చాడు. టికెట్ రాయడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

అలాంటి మనిషికి 1981లో యాంటిలోప్ లైసెన్సు వచ్చింది.

యాంటిలోప్ అంటే అక్కడి మైదానాల్లో తిరిగే జింక. శరత్కాలం వస్తే క్యాస్పర్లో సగం ఊరు తుపాకులు పట్టుకుని దాని వెనకాలే ఉంటుంది. లైసెన్సులు లాటరీలో తీస్తారు. మా అన్నయ్య పేరు తగిలింది. తగిలిన రోజునుంచి ఊరికి నిద్ర లేదు. ఎందుకంటే వేటకు వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వేట కాంట్రాక్టరుతో వెళ్ళడం. వాళ్ళని ఔట్‌ఫిటర్లంటారు. డేరా, భోజనం, జీపు, దారి చూపే మనిషి అన్నీ వాళ్ళవే. ర్యాంచిలనే పెద్ద పెద్ద ప్రైవేటు పశువుల భూముల్లోకి తీసుకువెళ్ళి జింక ముందు నిలబెడతారు. రెండోది, మన తిప్పలు మనం పడడం. అందుకు సర్కారు భూమి ఉంది గానీ అది కొంచెమే. అదీ ర్యాంచిల మధ్య ముక్కలు ముక్కలుగా చిక్కుకుని ఉంటుంది. పొరపాటున గీత దాటితే ర్యాంచి ఆసామి తుపాకీతో ఎదురొస్తాడు.

"పెళ్ళికి వంటవాళ్ళని పెట్టుకోవాలా, మనమే గరిట పట్టాలా అన్నట్టుందమ్మా," అని అన్నయ్య ఊరి మీద పడ్డాడు.

మంగలి "కాంట్రాక్టరుతో వెళ్ళు, హాయి" అన్నాడు. ఆఫీసులో పక్క సీటాయన "డబ్బిచ్చి జింకను తెచ్చుకుంటే అది వేటెలా అవుతుంది, షాపింగవుతుంది" అన్నాడు. మా చర్చి పాస్టరుగారు కాసేపు కళ్ళు మూసుకుని, "ఇశ్రాయేలీయులకి మేఘమే గైడుగా ముందు నడిచినా నలభై ఏళ్ళు పట్టింది బ్రదర్. ఆలోచించుకో" అన్నారు. దాంతో ఆయన ఏ పక్షమో ఎవరికీ తేలలేదు.

నాకు మాత్రం ఇవేవీ తలకెక్కే స్థితి లేదు. మా అమ్మ పోయాక నాన్నను మా దగ్గరికి తెచ్చుకున్నాను. నాన్న దైవాశీర్వాదం గారు తాలూకా సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఉండగా ఆయన గొంతు మూడు వీధులకి వినిపించేది. ఇక్కడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే పలకరించినా పలికేవారు కాదు. పలికితే ఒకటే మాట. "నన్ను పంపించెయ్యమ్మాయ్. ఇక్కడ నాతో ఎవరికేం పని?" అక్కడ మాత్రం ఎవరున్నారని? వంట చేసి పెట్టే దిక్కు కూడా లేదు. అయినా పోరు పడలేక నవంబరుకి టికెట్ తీశాం. టికెట్ సొరుగులో పెట్టిన రోజునుంచి నాకు అన్నం సయించేది కాదు. పంపితే ఎక్కువ రోజులు ఉండరని నాకు తెలుస్తూనే ఉంది.

ఒక ఆదివారం అన్నయ్య వచ్చి మా డైనింగ్ టేబుల్ మీద దుప్పటంత మ్యాపు పరిచాడు.

"బాబాయిగారూ, కాంట్రాక్టరుతో వెళ్ళమంటారా, నా అంతట నేను వెళ్ళమంటారా?"

నాన్న కిటికీలోంచి తల తిప్పలేదు.

"ఈ పసుపు గళ్ళు సర్కారువట. తెల్ల గళ్ళు ప్రైవేటువట. నాకేం అర్థమై చావడం లేదు."

నాన్న మెల్లగా లేచి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని మ్యాపు మీదికి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"ఎవడయ్యా ఈ మ్యాపు వేసింది?" అన్నారు హఠాత్తుగా. వంటింట్లో నా చేతిలో గరిట జారిపడింది. "ఇది సర్కారు పోరంబోకే కదా. చుట్టూ పట్టా భూములు. మరి దీంట్లోకి పోయే పుంతదారి ఏదీ?"

"పుంత లేదు బాబాయిగారూ."

"పుంత లేకుండా పోరంబోకు ఎట్లా ఉంటుందయ్యా? పశువులెట్లా పోతాయి? మనుషులెట్లా పోతారు? అమ్మాయ్, స్కేలు పట్రా!"

అంతే, కాంట్రాక్టరు మాట గాలికి పోయింది. ఆ వారమంతా మా ఇల్లు తాలూకా ఆఫీసైంది. బట్టలారేసుకునే నా నైలాన్ తాడుకి కొలిచి ముళ్ళు వేసి నాన్న సర్వే గొలుసు తయారు చేశారు. బట్టలు సోఫాల మీద ఆరాయి.

వేట రోజున నేనూ బయల్దేరాను, నాన్నకు చలి తగులుతుందని పులిహోర, ఫ్లాస్కు, మఫ్లరు పట్టుకుని. నాన్న సూటు కోటు వేసుకుని, నెత్తిన మంకీ క్యాప్ పెట్టారు. అన్నయ్య ఆఫీసు వాళ్ళ దగ్గర అరువు తెచ్చిన తుపాకీని నిండు పాలగిన్నెలా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఊరి బయట మట్టిరోడ్డు పక్క ఒక ర్యాంచి గేటుకి బోర్డు వేలాడుతోంది. అడుగు పెడితే కాలుస్తామని దాని సారాంశం. పక్కగా పోదామని అన్నయ్య అంటుండగానే నాన్న గేటు తీసుకుని తిన్నగా ఇంటి గుమ్మం దగ్గరికి నడిచారు.

"నాన్నా! ఎక్కడికి? కాలుస్తారట!"

"హద్దుదారుకి కబురు చెయ్యకుండా గొలుసు లాగితే ఆ సర్వే చెల్లదమ్మాయ్. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా అట్లా చెయ్యలేదు."

తలుపు తెరుచుకుంది. నాన్న వయసే ఉంటుంది ఆ ఆసామికి. నోట్లో పుల్ల, చేతిలో తుపాకి. నాన్న మంకీ క్యాప్ సర్దుకుని, కచేరీ ఇంగ్లీషులో అందుకున్నారు.

"సర్, ఐ యామ్ సర్వేయర్ దైవాశీర్వాదం, రిటైర్డ్. యు ఆర్ ది అడ్జసెంట్ పట్టాదార్. ప్లీజ్ అటెండ్ అండ్ షో యువర్ బౌండరీ."

ఆసామి నన్నడిగాడు.

"పట్టాదార్ అంటే?"

"భూమి యజమాని అండి."

"అది నేనే." నోట్లో పుల్ల ఆ పక్కనుంచి ఈ పక్కకి మారింది. "మా తాతనాటి నుంచి అందరూ ఫెన్సు దూకినవాళ్ళే. హద్దు చూపించండని అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా." తుపాకి గోడకి ఆనించి, టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు.

ఇద్దరు ముసలాళ్ళూ ముందు, తాడు పట్టుకుని నేనూ అన్నయ్యా వెనక. ఒకచోట గడ్డిలో ఇనుప గొట్టం కనిపించింది, పైన ఇత్తడి మూత. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని రుమాలుతో దుమ్ము తుడిచారు.

"చూశావా అమ్మాయ్, మన సర్వే రాయే! ఇక్కడ టోపీ పెట్టుకుంది!" అని పకపకా నవ్వారు. అమ్మ పోయాక నాన్న నవ్వడం అదే మొదలు. నాకైతే అక్కడే గెంతాలనిపించింది.

తర్వాత మొదలైంది అసలు యుద్ధం. ఫెన్సు సర్కారు భూమిలోకి జరిగిందని, అది ఆక్రమణేనని నాన్న తేల్చారు. కాదంటాడు ఆసామి. "గొలుసు పట్టు!" అంటారు నాన్న. "పట్టు!" అంటాడు ఆసామి. మా పులిహోర ఆయన తిన్నాడు, ఆయన కాఫీ నాన్న తాగారు, ఎవరూ తగ్గలేదు. చివరికి అవతలి సర్కారు ముక్కలోకి దారిగా ఆసామే తన గేటు తీసిపెట్టాడు.

అక్కడుంది జింక. ఎండలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. అన్నయ్య తుపాకి ఎత్తాడు. గురి చూశాడు. నేను చెవులు మూసుకున్నాను. తుపాకి దించాడు.

"బాబాయిగారూ, కాల్చమంటారా?"

"అది నిలబడ్డది ఏ సర్వే నంబరులో అయ్యా? ముందది తేలాలి."

"మీరేమంటారండీ?" అని ఆసామిని అడిగాడు. "నువ్వేమంటావు చెల్లెమ్మా?" అని నన్నడిగాడు. జింక తన సలహా ఎవరూ అడక్కముందే కొండ అవతలికి పోయింది.

తిరుగు ప్రయాణంలో నాన్న నోరు మూతపడలేదు. "వచ్చేవారం దక్షిణపు హద్దు చూద్దామన్నాడు ఆ పట్టాదారు. ఆ టికెట్ వెనక్కి ఇచ్చెయ్యమ్మాయ్. హద్దు తేలకుండా మధ్యలో లేచిపోతే డిపార్టుమెంటు పరువేం కాను?"

నేను స్టీరింగు వదిలేసి ఆయన్ని కావలించుకోబోయాను. అన్నయ్య కెవ్వున అరిచాడు.

ఆ సాయంత్రం వదిన దగ్గర వాపోయాను. "పాపం అన్నయ్య, మా నాన్న మూలంగా జింక తప్పిపోయింది వదినా."

వదిన పడీ పడీ నవ్వింది. "కోడిని కోస్తుంటేనే మొహం తిప్పుకునే మనిషి! ఆ తుపాకీలో తూటాయే పెట్టలేదు. మీ నాన్నగారు సర్వేయరని, మాట్లాడ్డం మానేశారని నువ్వు చెప్పిన మర్నాడే లైసెన్సుకి అప్లై చేశాడు. తిన్నగా ఆయన్నే అడిగితే అనుమానం వస్తుందని ముందు ఊరంతా తిరిగాడు."

"మరి ఆ పోలీసు?"

"ఈ ఊళ్ళో అదే మొదటి డ్యూటీ అట. లైసెన్సు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడట పాపం."

"మరి మీ పెళ్ళిలో..."

"ముందు వరసలో ఉన్నది మా అమ్మమ్మ. సంబంధం గురించి ఆవిణ్ణి ఎవరూ మాట మాత్రం అడగలేదని అలిగి అన్నం మానేసింది. అందుకని ఆవిణ్ణి అడిగాడు. ఆ పూట ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది."

నాకు కర్టెన్లు గుర్తొచ్చాయి. కొత్త ఊరు, తెలిసినవాళ్ళు లేరు, పెట్టెల మీద కూర్చుని ఏడుస్తున్న రోజది. ఆ గంటసేపు మాట్లాడాకే లేచి పొయ్యి వెలిగించాను. ఊరందరినీ అడిగే ఈ మనిషిని ఇంతవరకు ఎవరైనా ఒక్కమాట అడిగారా అనిపించింది. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నాకొక సలహా కావాలి. నాన్న ఇక ఇక్కడే ఉంటున్నారుగా. ఆయన గదికి కర్టెన్లు నీలం వెయ్యమంటావా, ఆకుపచ్చ వెయ్యమంటావా?"

అవతల రిసీవరు టకీమని టేబుల్ మీద పెట్టిన చప్పుడైంది. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. అంతలో దూరంగా అన్నయ్య గొంతు, సంబరమంతా అందులోనే ఉంది.

"వసంతా! ఏమే వసంతా! చెల్లెమ్మ నన్ను సలహా అడుగుతోందే! ఏం చెప్పమంటావు?"