స్లాబు మీద మడులు

కెమెరా నేను కొన్నది ఊరేగింపుల కోసం. జనగామలో టీచర్లమంతా సమ్మెలో ఉన్న రోజులవి. పొద్దున చౌరస్తాలో కూర్చుని తెలంగాణ కోసం నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే జనాన్ని ఫోటో తీయడం నాకు చేతకాలేదు. ఎన్ని పిడికిళ్లు తీసినా అన్నీ ఒక్కలాగే వచ్చేవి. అప్పుడు నా చూపు సగం కట్టిన మా ఇంటి మీద పడింది.

ఇల్లంటే ఇంకా ఇల్లు కాదు. పిల్లర్లు, గోడలు, అంతే. మిట్టమధ్యాహ్నం పిల్లరును ఫోటో తీస్తే బూడిద కుప్పలా వచ్చింది. నాకు విసుగొస్తే వెంటనే మొండితనం కూడా వస్తుంది. మర్నాడు పొద్దు పొడిచే వేళకే పోయాను. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతోంది. సెంట్రింగు చెక్కల గీతలన్నీ కాంక్రీటులో అచ్చు పడి ఉన్నాయి. చెక్క ముడులు, మేకు గుంతలు, ఒక్కో ఇసుక రేణువుకు ఒక్కో నీడ. "అబ్బ!" అన్నాను పైకే. చెంబెడు నీళ్లు చల్లితే తడిసిన చోట నల్లబడి ఇంకా బాగుంది. ఆ రోజు నుంచి నాకదే పిచ్చి.

"జనమంత రాష్ట్రం కోసం కొట్లాడుతుంటె, గీమె పానమంత సిమెంటు మీదనే ఉన్నది" అని మా ఆయన ఎకసెక్కాలాడేవాడు.

"చూసే కండ్లుంటె గద నీకు కనవడేది" అనేదాన్ని నేను.

అసలు సంగతి వేరే ఉంది. ఆ ఫోటోలు నేను మా బాపు కోసం తీస్తున్నాను. జఫర్‌గఢ్ దగ్గర మాకు కొంచెం పొలం ఉండేది. వేసిన బోరల్లా ఎండిపోయి, చివరికి బాపు దాన్ని అమ్మేశాడు. ఆ పైసలే ఈ ఇంటికి పెట్టాం. నన్ను కన్న అవ్వ పోయాక బాపును నా దగ్గరే ఉంచుకోవాలని నా ఆశ. ఆయనేమో మా కిరాయింటి అరుగు మీద కూర్చుని ఒకటే మాట.

"మీ గచ్చు ఇల్లు మీకు సల్లగుండనీ బిడ్డా. మీరు అండ్ల దిగంగనే నేను ఊరికి పోత. మా తమ్ముని కొట్టంల ఓ మూలకు పడుంట. గచ్చుల ఏం మొలుస్తదే? ఇత్తనం వడ్డా సచ్చిపోతది."

ఆ మాట వింటే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. ఆయన లేని ఇల్లు నాకెందుకు? గచ్చులో కూడా చూడదగ్గది ఉందని ఆయనకు చూపించాలనుకున్నాను.

ఒక సాయంత్రం కెమెరా ఆయన చేతికిచ్చాను. చెక్క గీతలున్న ఫోటో చూసి "ఇదేందే, తుమ్మ మొద్దా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో నేను అన్నిటికంటే బాగా వచ్చిందనుకున్న ఫోటో చూపించాను. కిరాయింటి గచ్చు మీది పగుళ్లు అవి. సన్నని నల్లగీతలు అల్లుకుపోయి ఎంతో అందంగా వచ్చాయి. బాపు చాలాసేపు చూశాడు.

"నెర్రెలు" అన్నాడు. "మన మూల మడి ఆఖరుకు గిట్లనే అయింది."

కెమెరా నా ఒళ్లో పెట్టి బయటికి పోయాడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంతలో సమ్మె వల్ల కరువైన సిమెంటు దొరికి, ఆ సమ్మె నడుమనే స్లాబు పోశాం. పని చేసినోళ్లందరికీ యాటను కోసి కూర పెట్టి దావత్ చేశాం. దానికీ బాపు రాలేదు. మర్నాడు మేస్త్రి ఫోన్ చేశాడు.

"రైళ్లన్ని ఆపిండ్రు టీచరమ్మా. రాత్రి ఇంటికని వచ్చి నేను కేసముద్రంలనే ఇర్కవోయిన. మీరే స్లాబు మీద మట్టి కట్టలేసి నీళ్లు నిలుపుండ్రి. ఎండితె నెర్రెలిస్తది, ఎన్క నన్ననొద్దు."

స్పీకర్‌లో మాట్లాడుతున్నాను కాబట్టి అరుగు మీద బాపుకీ వినబడింది. తువ్వాల తలకు చుట్టుకుని లేచాడు.

"పార ఏడున్నది?" అన్నాడు.

మొదటిసారి ఆ ఇంటికి వచ్చాడు. నిచ్చెన పట్టుకుని స్లాబెక్కాడు. మట్టి తడిపి, తొక్కి, కట్టలు పోశాడు. మేస్త్రులు వేసేలా చదరాలు చదరాలుగా కాదు. వాలును చూసుకుని చిన్నా పెద్దా మడులు చేశాడు. పై మడి నిండితే కింది మడికి పారేలా గండ్లు పెట్టాడు. భూపాలపల్లి దిక్కు బొగ్గు గనులూ సమ్మెలో ఆగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. బావి కాడ కూర్చున్నట్టే మోటారు పక్కన ఇటుకల మీద కూర్చునేవాడు. కరెంటు రాగానే "వచ్చె, వచ్చె!" అని పైకి ఉరికేవాడు.

పొద్దున్నే పార భుజాన వేసుకుని ఆ కట్టల మీద నడిచేవాడు. నీళ్ల అడుగున బూడిదరంగు కాంక్రీటు, నీళ్ల మీద మబ్బులు, కట్ట మీద ఆయన పాదాలు. నేను నిచ్చెన మీదే నిలబడి తీసేదాన్ని. "నన్నెందుకే, నీళ్లను తియ్యి" అని కసిరేవాడు.

రైళ్లు నడిచాక మేస్త్రి వచ్చి చూసి, "ఇగ సాలు, కట్టలు కొట్టెయ్యుండ్రి" అన్నాడు.

"రేపు" అన్నాడు బాపు. మర్నాడూ అదే మాట. నాకేమో ఈ పని కాస్తా అయిపోతే ఆయన మూట సర్దుకుంటాడని భయం.

ఒక పొద్దున తనే పార తీసుకుని గండి కొట్టాడు. నీళ్లు మడి నుంచి మడికి దిగి, స్లాబు అంచు నుంచి కింద పడ్డాయి. ఆఖరి మడి ఖాళీ అయ్యేదాకా ఆయన కదల్లేదు. నేను ఆగలేక అడిగేశాను.

"బాపూ, ఊరికి పోతవా?"

ఆయన వంగి, తడి స్లాబు మీద అరచేయి ఆనించి చూశాడు.

"ఎన్నేండ్ల సందో, నేను నీళ్లు గట్టిన ప్రతి మడి నా కండ్ల ముంగటనే ఎండింది బిడ్డా" అన్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "గిదొక్కటి ఎండలే, నెర్రెలియ్యలే. దీన్నిడిసి ఏడికి పోత?"