సుంగై సిపుట్ నుంచి మామ్మ నడిపించిన దారి

మలయాలో తెల్లదొరల సైన్యానికీ అడవిలోని కమ్యూనిస్టులకూ పోరు సాగిన ఎమర్జెన్సీ రోజుల్లో మా తాత సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోట నుంచి కొన్ని తెలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని హుటాన్ మెలింటాంగ్ కొబ్బరి తోటలకు వచ్చాడని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. అక్కడి రామమందిరం కట్టించిందీ ఆయనేనట. మందిరం గోడమీద ఆయన ఫొటో ఉంది, కింద పేరు కూడా చెక్కించారు. మామ్మ గురించి మాత్రం "మంచిది, పనిమంతురాలు" అనేవారు, అంతే. నాకు ఊహ తెలిసేసరికే ఆమె పోయింది.

నేను టీచరు ఉద్యోగం మానేసి బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఇంటిపట్టున ఉంటున్నప్పుడు అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయన మందిరం కమిటీలో ఉన్నాడు.

"ఈసారి నవమికి తాత గురించి నువ్వు మాట్లాడాలి. మన పిల్లలకి ఏటీ తెలీదు. కాస్త కనుక్కుని మాట్లాడు" అన్నాడు.

సరేనని మొదట సుంగై సిపుట్ వెళ్ళాను. ఆ తోటలో ఇప్పుడు రబ్బరు చెట్టు ఒక్కటీ లేదు, అంతా ఆయిల్ పామ్. కూలీల లైన్లు, అంటే వాళ్ళ వరస ఇళ్ళు, ఉన్నచోట గడ్డి మొలిచింది. రోడ్డు పక్క టీ దుకాణంలో ఒక పెద్దాయన నా మాటలు విని, "అప్పుడు వాళ్ళతో కొత్త పెళ్ళికూతురిగా పోయిన ఒకామె ఇంకా హుటాన్ మెలింటాంగ్‌లోనే ఉంది, అడిగి చూడమ్మా" అని తమిళంలో చెప్పాడు.

ఆమె ఇల్లు నది ఒడ్డున, పడవలు కట్టే చోటుకి దగ్గర. నేను వెళ్ళేసరికి ముంగిట్లో పీట వేసుకుని నెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. ఎవరి మనవరాలినో చెప్పగానే చేతులు కడుక్కుని వచ్చి నా గడ్డం పట్టుకుని చూసింది.

"నీదంతా మీ మామ్మ మొకమే పాపా" అంది.

"పెద్దమ్మా, మా తాత మిమ్మల్నందర్నీ ఎలా తీసుకొచ్చాడో చెప్తావా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "మీ తాత మంచోడే. కానీ ఆయన రానన్నాడు. మమ్మల్ని తెచ్చింది మీ మామ్మ."

నేను విన్నది సరిగ్గా అర్థమైందో లేదోనని మళ్ళీ అడిగాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది. తర్వాత భోజనాల వేళ దాటేదాకా చెబుతూనే ఉంది.

ఆ తోట అడవి అంచున ఉండేది. చీకటి పడితే అడవిలోంచి మనుషులొచ్చి బియ్యం అడిగేవారు. తెల్లారితే సైనికులొచ్చి, ఎవరిచ్చారని అడిగేవారు. కొన్నాళ్ళకి లైన్లన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర సోదా చేసేవారు, తిండిగింజ బయటికి పోకూడదు. పెద్దమ్మ భర్తను విచారణకని తీసుకెళ్ళి నెలల తర్వాత వదిలారు. తిరిగొచ్చిన మనిషి నోరు విప్పి మాట్లాడటం మానేశాడు. అతన్ని చూసొచ్చిన రోజే మామ్మ నిర్ణయం తీసుకుంది. సముద్రం వైపు కొబ్బరి తోటల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారని, పని దొరుకుతుందని బట్టలమ్మేవాడి దగ్గర విని ఉంది.

"ఇక్కడుంటే ఒకలెనక ఒకలు పోతాం. ఎల్లిపోదాం" అందట తాతతో.

"తెలీని సోటికి పిల్లల్నేసుకుని ఎలా ఎల్తామే?"

"ఓడెక్కినప్పుడు మాత్రం తెలుసునేటి మావా? అప్పుడు నువ్వు నన్ను తెచ్చినావు. ఇప్పుడు నేను తీసుకెల్తాను."

తాత రానని అటు తిరిగి పడుకున్నాడట. మామ్మ తెలుగు ఇళ్ళన్నీ తిరిగి ఒప్పించింది. దొర ఆఫీసుకి వెళ్ళి గుమాస్తా చేత చెప్పించింది: "మేం పారిపోటం లేదు, సెలవడిగి ఎల్తన్నాం. మంచిగా పంపండి." దొర చాలాసేపు వాదించి, చివరికి అనుమతి ఇప్పించాడు.

బయల్దేరిన రోజున, మాట్లాడి పెట్టుకున్న లారీవాడు దాడులకి భయపడి తోటలోకి రానన్నాడు, పెద్దరోడ్డు మీదే ఆగాడు. అందుకని తోపుడు బళ్ళ మీద గిన్నెలు, చాపలు, గంపలో కోళ్ళు, చీరలో చుట్టిన రాముడి పటం పెట్టుకుని ఎర్రమట్టి దారిన నెట్టుకుంటూ గేటుదాకా వచ్చారు. రానన్న తాత కూడా అందరి వెనకాల వచ్చాడు. కాపలా ఉన్న మలయ్ కుర్రాడు అన్నీ విప్పి చూసి, పులిహోర గిన్నె దగ్గర ఆగిపోయాడు. తిండి బయటికి వెళ్ళడానికి వీల్లేదన్నాడు. పిల్లలకి దారిలో తినడానికి అదొక్కటే ఉంది. వాళ్ళు ఏడుపు మొదలెట్టారు.

మామ్మ తనకొచ్చిన నాలుగు మలయ్ ముక్కలతో అడిగింది: "బావా తక్ బొలే. మకాన్ బొలే?" తీసుకెళ్ళకూడదు సరే, తినొచ్చా?

ఆ కుర్రాడు తినొచ్చన్నట్టు తలూపాడు.

అంతే, మామ్మ అందర్నీ గేటు ముందే బంతిగా కూర్చోబెట్టింది. అరటాకులు తుంచి వడ్డించింది. రోడ్డు మీంచి లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె పట్టించుకోలేదు. కాపలా కుర్రాడికీ ఆకు ఇచ్చింది. అతను అటూ ఇటూ చూసి నిలబడే తినేశాడు. చివరికి మామ్మ గిన్నె బోర్లించి చూపిస్తే గేటు తీశాడు.

"అప్పుడు మీ తాత నవ్వినాడు పాపా. ఆ యేడాదంతా ఆయన నవ్వగా నేను సూడనేదు. లేచి ముందరి బండి ఆయనే నెట్టినాడు."

కొబ్బరి తోటలో ఇంకో చిక్కొచ్చింది. రబ్బరు పాలు గీసినవాళ్ళకి ఈ పని రాదని మేస్త్రీ పెదవి విరిచాడు. మామ్మ పక్కన నిలబడి, ఆడవాళ్ళు చిప్పలోంచి కొబ్బరి ఎలా ఊడదీస్తున్నారో చూసింది. ఒకామె దగ్గర కత్తి అడిగి పుచ్చుకుంది. మొదట చెయ్యి తెగింది. గుడ్డ కట్టుకుని మళ్ళీ కూర్చుంది. సాయంత్రానికి ఆమె పక్కనున్న గుట్ట చూసి మేస్త్రీ అందర్నీ పనిలోకి రమ్మన్నాడు.

మెర్దెకా వచ్చిన రోజు తోట మైదానంలో జెండా ఎగరేశారు. అందరూ మెర్దెకా అని కేకలు పెడుతుంటే మామ్మ దానర్థం అడిగింది. స్వతంత్రమని చెప్పారు.

"ఐతే గేటుకాడ సోదా ఉండదా?" అంది. ఉండదని చెప్పాక తనూ గొంతెత్తి అరిచింది.

ఆ ఊపులోనే వారం తిరక్కుండా కొబ్బరి తోట దొర దగ్గరికి వెళ్ళింది. "అందరికీ దేశమొచ్చింది దొరా. మా రాముడింకా కొబ్బరాకుల కిందే ఉన్నాడు. కూసింత నేలియ్యవా?" అని అడిగింది. దొర ఇచ్చాడు. తాత ఇటుకలు పేర్చాడు, తమిళ ఇళ్ళవాళ్ళు కలపా, సున్నమూ తెచ్చారు. మందిరం తెరిచిన రోజు ఫొటోగ్రాఫర్ వస్తే, "నాకు ఫొటో ఏల, పొయ్యి మీద వంటుంది" అని మామ్మ లోపలికి పోయింది. ఫొటోలో తాత ఒక్కడే మిగిలాడు.

నేను కారెక్కకుండానే అన్నయ్యకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

"పెద్దావిడ కదా, మర్చిపోయి చెప్తందేమో" అన్నాడు.

"నువ్వే వచ్చి అడుగు" అన్నాను.

మర్నాడే వచ్చాడు. పెద్దమ్మ ఆయనకీ మొదటినుంచి చెప్పింది. గేటు దగ్గరి భోజనం దాకా వచ్చేసరికి అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నవమి రోజున నేను మాట్లాడలేదు. మైకు పెద్దమ్మకిచ్చాం. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే, తెలుగు సగమే తెలిసిన పిల్లలు కూడా ముందుకి జరిగి కూర్చున్నారు. ఆ యేడాదే గోడమీద మామ్మ పేరు చెక్కించారు, తాత పేరు కన్నా పైన. అలా పెట్టమన్నది అన్నయ్యే.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ ఆయనే ఎత్తుకుంటాడు. ఈ మధ్య ఆయన చెప్పేటప్పుడు గేటు దగ్గర ఒక్క కుర్రాడు కాదు, పటాలమంతా కూర్చుని పులిహోర తింటోంది. నేను సరిచెయ్యడం మానేశాను.