అమ్మ సబ్బు డబ్బాలో రింగ్ టెస్టర్

అబిడ్స్‌లో మొబైల్ రిపేరు దుకాణం దాటుతుంటే టంకం పొగ వాసన తగిలింది. అది మా అమ్మ చీరకొంగు వాసన!

మన డబ్బా టీవీలు గుర్తున్నాయా? నాంపల్లి కిరాయి ఇంట్లో మాది ఆగిపోతే, మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నాడు. అమ్మ నమ్మలేదు. పాత సబ్బు డబ్బాలో తనే తయారుచేసుకున్న రింగ్ టెస్టర్ తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించింది. లోపలి తీగచుట్ట బాగుందని చెప్పే టెస్టర్ లైట్లన్నీ వెలిగాయి.

“ఉత్తగనే వెలుగుతున్నయేమో!” అన్నాడు నాన్న.

అమ్మ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ చుట్టూ టంకం తీగ ఒక్క చుట్టు తిప్పి కొసలు కలిపింది. లైట్లు ఆరిపోయాయి.

“లోపల ఒక్క చుట్టు షార్టయినా గిట్లనే ఆరుతయ్. తీగ తీస్తే మళ్ళ వెలిగినయ్, చూసిన్రా? ఇది మంచిగుంది. ఖరాబైంది ఇంకోటి.”

సాయంత్రానికి పాడైన కెపాసిటర్ మార్చి టీవీలో మళ్ళీ బొమ్మ రప్పించింది. మేమంతా చూస్తుంటే నాన్న టీవీ ఆపేసి, పక్కింటివాళ్ళను పిలుచుకొచ్చాడు.

“జర గా తీగ మళ్ళొక్కసారి చుట్టవే, వీళ్ళు చూడాలె!”