పసుపు కార్డు రాని రోజు
పటేల్‌గూడ సత్యరాజు ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో జీతానికి ఆడే డిఫెండరు. నమ్మండి, అతను అడ్డం పడితే సిమెంటు లారీ కూడా రివర్సు గేరేస్తుంది. మోకాలు తడుముకుని, ఆమెన్ అనుకుని దిగుతాడు, ఎవణ్ణో ఒకణ్ణి పడగొట్టి రిఫరీ దగ్గర మ్యాచ్‌కో పసుపు కార్డు తెచ్చుకుంటాడు. మొన్న బెట్టింగువాడొకడు వచ్చి, "హాఫ్‌టైం లోపల ఒక్క పసుపు కార్డు తీస్కో అన్నా, పైసలిస్త" అన్నాడు. సత్యరాజు వాణ్ణి తరిమేశాడు. కానీ మ్యాచ్‌లో, కార్డొస్తే అమ్ముడుపోయాడంటారని భయపడి, బంతితో దూసుకొచ్చినవాణ్ణి ముట్టుకోకుండా వదిలేశాడు. గోల్ పడింది. "ఎంతకు అమ్ముడువోయినవ్‌రా?" అన్నాడు కోచ్. రేపు క్లబ్బులో విచారణ, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు.

"తంతె తప్పు, తన్నకుంటె తప్పు! ఇగ నేనేం జెయ్యాలె?" అని భార్య జయశీలను అడిగాడు.

"వాడొచ్చిండని కోచ్‌కు ముందే జెప్పకపోయినవా?"

"చెప్తె అనుమానపడ్తడనుకున్న," అన్నాడు సత్యరాజు.